పెరట్లో రన్‌వే

ఇంటి ముందు కారు, ఇంటి వెనక విమానం. అమెరికాలో ఇలాంటి కాలనీలు ఆరువందలకు పైగా ఉన్నాయి. ఎయిర్‌పార్క్ అంటారు, ఫ్లై-ఇన్ కమ్యూనిటీ అని కూడా అంటారు. కాలనీ నడుమ రన్‌వే ఉంటుంది. అక్కణ్ణుంచి ప్రతి ఇంటి హ్యాంగర్ దాకా టాక్సీవే ఉంటుంది. హ్యాంగర్ తలుపు తీసి, ఇంజన్ వేసి, వీధిలోంచే నడుపుకుంటూ వెళ్లి గాల్లోకి లేస్తారు.

అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ ఈ మాట వినిపిస్తోంది. నేను విన్నది ఒక మేనమామకూ మేనకోడలికీ మధ్య జరిగిన వాదన. ఆయన బేగంపేటలోనూ విశాఖలోనూ కంట్రోల్ టవర్లో పనిచేసి రిటైరయ్యారు. ఆమె ఫ్లోరిడాలో పిల్లల డాక్టరు, ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉంది. ఆమె, భర్త కలిసి డేటోనా బీచ్‌కు లోతట్టున, గడ్డి రన్‌వే ఉన్న ఓ చిన్న కాలనీలో ఇల్లు చూశారు. రేపోమాపో బయానా ఇస్తారనగా మామయ్య అడ్డం పడ్డారు. విమానాల గురించి తెలియక భయపడే మనిషి కాదాయన. అందుకే ఈ వాదన రాయాలనిపించింది.

మామయ్య: అమ్మాయ్, ఇల్లు బావుంది. వంటింట్లోకి వెలుతురు బాగా వస్తోంది. చెట్లు ఇంకా బావున్నాయి. ఆ చెట్ల దగ్గరే నా మనసు ఆగిపోయింది. రన్‌వే ఎంత పొడుగన్నావు?

మేనకోడలు: 2,600 అడుగులు మామయ్యా.

మామయ్య: తూర్పు కొసన ఉన్న పైన్ చెట్లు?

మేనకోడలు: అరవై అడుగుల ఎత్తు ఉండొచ్చు. ఆ లెక్క వేసుకున్నాకే ఇల్లు చూశానండీ. మేం కొనాలనుకుంటున్నది సెస్నా 172ఎస్. పూర్తి బరువుతో, సముద్రమట్టం దగ్గర, 30 డిగ్రీల ఎండలో, గట్టి రన్‌వే మీద నేల విడవడానికి 1,070 అడుగులు, 50 అడుగుల అడ్డం దాటడానికి మొత్తం 1,810 అడుగులు కావాలని దాని మాన్యువల్లో ఉంది. ఎండు గడ్డి అయితే నేల మీది పరుగుకి 15 శాతం కలపమన్నారు. అంటే ఇంకో 160. ఎంత లెక్కేసినా రెండువేల లోపే తేలుతోంది.

మామయ్య: ఆ అంకెలు కొత్త ఇంజన్‌వి, చేయి తిరిగిన టెస్ట్ పైలట్‌వి. నీ చెట్లు యాభై కాదు, అరవై. ఫ్లోరిడాలో జూలై సాయంత్రం వాన వెలిశాక ఉండేది ఎండు గడ్డి కాదు. దిగేటప్పుడైతే నేల మీది పరుగుకి 45 శాతం కలపమంటుంది అదే మాన్యువల్. అదీ ఎండు గడ్డికే. తడి గడ్డి మీద బ్రేకు నొక్కితే చక్రం ఆగుతుంది, విమానం ఆగదు.

మేనకోడలు: తడిసిన రోజు అక్కడ దిగను. పక్కనే డేటోనా బీచ్ విమానాశ్రయం ఉంది. 10,500 అడుగుల రన్‌వే, లైట్లు, టవరు, మబ్బులోంచి దించే పరికరాలు అన్నీ ఉన్నాయి.

మామయ్య: దిగుతావు, సరే. అక్కణ్ణుంచి ఇంటికెలా వస్తావు? మామూలు పైలట్ అయితే కారు విమానాశ్రయంలోనే ఉంటుంది. నీ కారు నీ ఇంటి ముందుంటుంది. రాత్రి తొమ్మిదవుతుంది. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుంటారు. తెల్లారితే నీకు క్లినిక్. ఇల్లేమో నాలుగు నిమిషాల దూరంలో రెక్క కిందే కనబడుతుంటుంది. పక్కింటాయనకు ఫోన్ చేసి కారు తెమ్మనడానికి మొహమాటపడతావు. నేను భయపడేది ఆ మొహమాటానికే.

(ఈ మాట దగ్గర ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. ఇంత చిన్న సంగతిని ఇల్లు అమ్మేవాళ్ల కరపత్రం ఏదీ చెప్పదు. విమానం ఇంటికి వచ్చిందంటే, దాని కోసం వేరేచోట ఉంచాల్సిన కారు కూడా ఇంటికే వచ్చేసినట్టు.)

మామయ్య: 1999 జూలైలో జాన్ కెనెడీ కొడుకు ఏమయ్యాడో నీకు తెలుసు. చీకటి పడ్డాక, మసకగా ఉన్న ఆకాశంలో, సముద్రం మీదుగా వెళ్లాడు. కింద దీపం లేదు, ముందు దిగంతం కనబడదు. పైకి వెళుతున్నామో పక్కకు ఒరుగుతున్నామో శరీరానికి తెలియదు. భార్యా, ఆమె అక్కా కూడా పోయారు. అందులో విమానం తప్పేమీ లేదు. వెళ్లి తీరాలన్న పట్టుదలే ప్రాణం తీసిందంటాను నేను. వేరే ఊరికి వెళ్లేటప్పుడే అంత పట్టుదల ఉంటే, తన ఇంటికే తిరిగొస్తున్నవాడికి ఇంకెంత ఉంటుంది?

మేనకోడలు: అది కాదనలేను. కానీ మామయ్యా, రెండోవైపు కూడా చూడండి. నేనిప్పుడు అద్దె విమానం నడుపుతున్నాను. అది ముప్పావుగంట దూరంలో ఉంది. ముందుగా బుక్ చేసుకోవాలి. బుక్ చేసిన రోజు నాకు ఎమర్జెన్సీ వస్తుంది, లేదా గాలి బాగోదు. అలా వారాలు దొర్లిపోతాయి. ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో మూడుసార్లు లేచి దిగి ఉండాలని చట్టం. రెండేళ్లకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో రివ్యూ. చట్టానికి అంతే చాలు. చేతికి చాలదు. అమెరికాలో చిన్న విమానాల ప్రాణాంతక ప్రమాదాలు లక్ష గంటలకు ఒకటి చుట్టూ ఉంటున్నాయి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ, నడిపే మనిషి చేతిలోంచి విమానం అదుపు తప్పినవే. నెలల తరబడి ముట్టని చెయ్యే అలా తప్పుతుంది. విమానం ఇంట్లో ఉంటే పొద్దున ఆరింటికి, గాలి లేవకముందే, అరగంటలో నాలుగు ల్యాండింగులు చేసి ఏడున్నరకు పిల్లల టిఫిన్ పని చూసుకుంటాను.

మామయ్య: అది మంచి మాటే. సాధన చేసే చేతికి ఎదురు లేదు. కానీ పొద్దున్నే సాధన చేసే నువ్వు వేరు, రాత్రి ఇంటికి తిరిగొచ్చే నువ్వు వేరు. నా భయం రెండోదాని గురించి.

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. రన్‌వే దగ్గరుంటే చేయి తేరుతుంది, మనసు సడలుతుంది. రెండూ ఒకే దూరం తగ్గడం వల్ల జరిగేవే. ఏది ఎక్కువ జరుగుతుందన్నది ఇల్లు కొనేవాళ్ల స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఆ స్వభావాన్ని ఎవరికి వాళ్లు మెచ్చుకుంటూ అంచనా వేసుకుంటారు కనకే మామయ్యలాంటి మనిషి ఇంట్లో ఒకరుండాలి.

మామయ్య: ఇంజన్ 300 అడుగుల ఎత్తులో ఆగిపోయిందనుకో. ఎక్కడ దిగుతావు?

మేనకోడలు: ముందుకే. వెనక్కి తిప్పను, అంత ఎత్తులో తిప్పితే విమానం కూలుతుంది. పడమర వైపు పశువుల మేత భూమి ఉంది, బల్లపరుపు. అందుకే వీలైనప్పుడల్లా పడమరకే లేస్తాను.

మామయ్య: విశాఖలో పనిచేసినవాణ్ణి, సముద్రపు గాలి నాకు కొత్త కాదు. మధ్యాహ్నం దాటితే ఇక్కడ గాలి తూర్పునుంచి వీస్తుంది. గాలికి ఎదురుగా లేవాలి కదా. అంటే పైన్ చెట్ల వైపుకే. వాటి అవతల ఇళ్లు, వాటి అవతల హైవే.

మేనకోడలు: అయితే మధ్యాహ్నం లేవను. పొద్దున్నే వెళ్తాను, లేదా బరువు తగ్గించుకుని వెళ్తాను.

మామయ్య: వాన వస్తే లేవవు, మధ్యాహ్నం లేవవు, చీకటి పడితే దిగవు, నలుగురూ ఎక్కితే ట్యాంకు నింపవు. ఇవన్నీ నువ్వు పాటించగలవు, నాకు నమ్మకం ఉంది. అయితే ఆ నియమాలన్నీ కాగితం మీద రాసి హ్యాంగర్ గోడకు అంటించు. ఒక కాపీ పక్కింటి పైలట్ చేతికివ్వు. టవర్లో మేం చేసిన పని చాలావరకు అదే. పైలట్‌కి తెలియనిది మేం చెప్పిందేమీ లేదు. తెలిసిందే ఇంకో గొంతు చెబితే మనిషి ఆగుతాడు.

మేనకోడలు: టవరు లేదన్న బెంగ మీకు పోదు.

మామయ్య: ఎలా పోతుంది? ముప్ఫై ఏళ్లు అందులోనే కూర్చున్నాను.

మేనకోడలు: ఈ దేశంలో ప్రజలు వాడే విమానాశ్రయాలు సుమారు 5,000 ఉంటే వాటిలో టవర్లున్నవి 500 పైచిలుకే. మిగతా వాటి దగ్గర అందరం ఒకే ఫ్రీక్వెన్సీ మీద, నేనెక్కడున్నాను, ఏం చేయబోతున్నాను అని చెప్పుకుంటూ దిగుతాం. ఎయిర్‌పార్కుల్లో పక్కవాళ్ల కళ్లు అదనం. మొన్న ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు చూశారుగా, ఎదురింటి పెద్దాయన తన పని ఆపి వచ్చి ఎవరి విమానం టైరో మెత్తబడిందని చెప్పి వెళ్లాడు. పెద్ద విమానాశ్రయంలో వరసగా కట్టిన హ్యాంగర్లలో ఎవరి విమానాన్ని ఎవరు చూస్తారు? ఈ కాలనీల్లో మెకానిక్కులు, ఎయిర్‌లైన్ పైలట్లు, మిలటరీలో చేసి వచ్చినవాళ్లు ఉంటారు. నాలాంటి కొత్తవాళ్లకు అదో బడి.

ఈ కాలనీలు ఎలా పుట్టాయో ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. 1939లో అమెరికాలో పైలట్లు 34 వేల లోపే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946 నాటికి 4 లక్షలయ్యారు. ఇంత మంది కార్లలాగే విమానాలూ కొంటారని అప్పట్లో అందరూ అనుకున్నారు. ఆ ఏడాదే కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో సియెర్రా స్కై పార్క్ మొదలైంది. ఇళ్ల మధ్య రన్‌వే ఉన్న తొలి కాలనీ అదే. అదే రాష్ట్రంలోని కామెరాన్ పార్కులో వీధులు 100 అడుగుల వెడల్పు. రెక్కకు తగలకుండా వీధి బోర్డులు, పోస్టు డబ్బాలు తక్కువ ఎత్తులోనే పాతారు. ఈమె చూసిన ఇంటికి దగ్గరలోనే స్ప్రూస్ క్రీక్ ఉంది. యుద్ధకాలంలో నౌకాదళం వాడిన రన్‌వే చుట్టూ వెలిసిన కాలనీ. 4,000 అడుగుల రన్‌వే, సుమారు 1,300 ఇళ్లు, 700 హ్యాంగర్లు. నటుడు జాన్ ట్రవోల్టా కొన్నాళ్లు అక్కడే ఉండి, తరవాత ఒకాలా దగ్గర 7,550 అడుగుల రన్‌వే ఉన్న జంబోలేర్‌కు మారి, ఇంటి పక్కనే బోయింగ్ 707 నిలుపుకున్నాడు. జనం చెప్పుకునేది ఆయన గురించే గానీ, ఈ కాలనీల్లో ఎక్కువమంది నాలుగు సీట్ల పాత విమానాన్ని కళ్లల్లో పెట్టుకు చూసుకునే రిటైరైనవాళ్లు.

మామయ్య: బడి అన్నావు, బావుంది. మరి విమానం ఇంట్లో ఉంటే రోజూ చేయాల్సిన పని సంగతి?

మేనకోడలు: చూపిస్తాను. లేచేముందు రెక్క కింద వాల్వు నొక్కి ఇంత గాజులాంటి గిన్నెలోకి పెట్రోలు వంపుతాం. నీలం రంగులో ఉండాలి. అడుగున ముత్యంలా నీటి బొట్టు కనిపిస్తే మళ్లీ వంపాలి, బొట్టు కనబడనంత వరకూ వంపాలి. ఇక్కడి ఉక్కకి సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో నీరు చేరుతుంది. ఆ తరవాత వేగం చూపే పరికరానికి గాలి అందించే గొట్టం చూడాలి. కుమ్మరి పురుగులు అందులో ఒక్క రోజులో మట్టి గూడు కడతాయి. ట్యాంకు గాలి రంధ్రంలోనూ కడతాయి. అది మూసుకుపోతే ట్యాంకులో పెట్రోలు ఉండి కూడా ఇంజన్‌కి అందదు. తొడుగు వేశామా లేదా అని రోజూ చూడాలి. రన్‌వే మీద చీమల పుట్టలు, కాళ్లు బార్లా చాపుకుని నడిచే శాండ్‌హిల్ కొంగలు. ముందొకసారి గోల్ఫ్ కార్టులో ఆ చివరి దాకా వెళ్లి చూసి రావాలి.

మామయ్య: ఏడాదికోసారి మెకానిక్ విప్పి చూడాలి, రెండువేల గంటలకు ఇంజన్ బాగుచేయించాలి, గంటకు ఎనిమిది తొమ్మిది గాలన్లు తాగుతుంది. డబ్బు సంగతి నేను మాట్లాడను, మీరిద్దరూ సంపాదిస్తున్నారు. ఇంకోటి అడుగుతాను. నువ్వు పిల్లల డాక్టరువి. పాత ఇంటి గోడల రంగులో సీసం ఉందేమో చూసుకోమని తల్లులకు చెబుతావు. నీ గిన్నెలో ఆ నీలం పెట్రోలులో ఏముంది?

మేనకోడలు: సీసమే మామయ్యా. గాలన్‌కి రెండు గ్రాముల దాకా ఉండొచ్చు.

మామయ్య: మన దేశంలో పెట్రోలులోంచి సీసం 2000లో పోయింది. ఇక్కడ కార్లకు 1996లోనే నిషేధించారు. మీ విమానాలకు మాత్రం ఇంకా పోస్తున్నారు. ఆ పొగ పెరట్లో వదిలి, అదే పెరట్లో పిల్లల్ని ఆడిస్తావా?

మేనకోడలు: ఇక్కడ నా దగ్గర జవాబు లేదు. కాలిఫోర్నియాలో రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయం దగ్గరి పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని 2021లో అధ్యయనం వచ్చింది. 2022 జనవరి నుంచి ఆ కౌంటీ అక్కడ సీసం పెట్రోలు అమ్మకం ఆపేసింది. 2023 అక్టోబరులో పర్యావరణ సంస్థ ఇ.పి.ఎ. కూడా చిన్న విమానాల సీసం ప్రజారోగ్యానికి హాని అని తేల్చింది. 2030 నాటికి తీసేస్తామని ప్రభుత్వమూ పరిశ్రమా కలిసి లక్ష్యం పెట్టుకున్నాయి. మా కాలనీలో రోజుకు లేచేవి కొద్ది విమానాలే, అక్కడిలా వందలు కావు. అయినా పిల్లల్లో సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదని చెప్పేదాన్ని నేనే. అందుకే తక్కువ కంప్రెషన్ ఇంజన్ ఉన్న పాత 172 కూడా చూస్తున్నాం. దానికి సీసం లేని 94 రకం పెట్రోలు సరిపోతుంది.

మామయ్య: అది దొరికే చోట నింపుకోవాలి, అది మొదటి సంగతి. పాత ఇంజన్‌కి హార్స్‌పవర్ తక్కువ, అది రెండోది. ఇందాక చెప్పిన 1,810 అడుగుల లెక్క మళ్లీ మొదటినుంచీ వేసుకో.

మేనకోడలు: వేస్తాను. కానీ ఒక్కటి మీరూ ఒప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వచ్చి పడమటి నార్త్ కరోలినాలో రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయాయి. అప్పుడు మందులు, పాలపొడి, తాగునీరు మోసింది ఎవరు? సొంత విమానాలున్న మామూలు మనుషులు చాలామంది. చిన్న రన్‌వేల మీద దిగి సామాన్లు దింపి మళ్లీ లేచారు. దీన్ని డబ్బున్నవాళ్ల ఆటవస్తువు అనకండి.

మామయ్య: అనను. 1977లో దివిసీమ ఉప్పెన నాటికి నేను కుర్రాణ్ణి. దారి తెగిన ఊళ్లు ఎలా ఉంటాయో తెలుసు. ఆ మనుషులకు దణ్ణం పెడతాను. కానీ దాన్ని ఇల్లు కొనడానికి కారణంగా చెప్పకు. తుపానులో మునిగిన గడ్డి రన్‌వే మీద నీ విమానమే దిగలేదు.

అప్పటిదాకా సాగిన వాదన ఒక ఎత్తు. ఆ తరవాతిది ఇంకో ఎత్తు. నా లెక్కలో అసలు విషయం ఇక్కడే ఉంది.

మామయ్య: రన్‌వే భూమి ఎవరిది?

మేనకోడలు: కాలనీది.

మామయ్య: కాలనీ అంటే? కాగితం మీద ఎవరి పేరుంది?

మేనకోడలు: లేఅవుట్ వేసిన కంపెనీ పేరు మీద ఉంది. ఇళ్లవాళ్లకు వాడుకునే హక్కు రాసిచ్చారు. ఏటా మెయింటెనెన్స్ కడతాం, గడ్డి కోయించడం, బీమా అందులోంచే.

మామయ్య: అమ్మాయ్, లేఅవుట్‌లో పార్కు స్థలం అని చూపించిన జాగా పదేళ్లకు ఏమవుతుందో హైదరాబాద్‌లో ప్లాటు కొన్న ప్రతివాడికీ తెలుసు. నువ్వు ఇల్లు కొనడంలేదు, రన్‌వేకి ఆనుకున్న ఇల్లు కొంటున్నావు. రన్‌వే పోతే నీకు మిగిలేది ఊరికి దూరంగా, పెద్ద షెడ్డున్న ఇల్లు. ఆ హక్కు కౌంటీ రికార్డుల్లో నమోదయిందా? ఇల్లు చేతులు మారినా హక్కు ఇంటితోనే వస్తుందా? ఆ కంపెనీ రన్‌వే భూమిని బ్యాంకులో తాకట్టు పెట్టిందా? పెడితే ఏది ముందు, తాకట్టా, మీ హక్కా?

మేనకోడలు: అదెందుకు?

మామయ్య: తాకట్టు ముందు, మీ హక్కు వెనకా అయితే, బాకీ తీర్చలేక బ్యాంకు జప్తు చేసిన రోజున మీ హక్కు తుడిచిపెట్టుకుపోవచ్చు. ఇది నా ఊహ కాదు, మీ లాయరునే అడుగు.

మేనకోడలు: దాన్ని ఇళ్లవాళ్లందరి పేరు మీదా కొనేద్దామని అసోసియేషన్లో అనుకుంటున్నారట.

మామయ్య: అనుకోవడం దస్తావేజు కాదు. సరే, కొన్నారే అనుకుందాం. రన్‌వే మూసేయాలంటే ఎంతమంది ఓటెయ్యాలి? సగమా, మూడింట రెండొంతులా, అందరూనా? మీ దగ్గర్లోని స్ప్రూస్ క్రీక్‌లో 1,300 ఇళ్లు, 700 హ్యాంగర్లు ఉన్నాయి. అక్కడ రన్‌వే దివ్యంగా నడుస్తోంది, బాగా సాగే కాలనీ అది. కానీ లెక్క చూడు. అంత పేరున్న చోట కూడా దాదాపు సగం ఇళ్లకు హ్యాంగర్ లేదు. నీ చిన్న కాలనీలో ఇవాళ అందరూ పైలట్లే. ఒకాయన పోతాడు, పిల్లలు ఇల్లు అమ్ముతారు. కొన్నవాళ్లకు విమానం ఉండదు, మెయింటెనెన్స్ భారంగా ఉంటుంది, మోత నచ్చదు. అలా నాలుగు ఇళ్లు మారితే ఓటు మారుతుంది. రన్‌వేని చంపడానికి ప్రభుత్వం రానక్కర్లేదు, పక్కింటివాళ్లు చాలు.

మేనకోడలు: విమానయానాన్ని నియంత్రించే ఎఫ్.ఎ.ఎ. ఊరుకుంటుందా?

మామయ్య: నువ్వే చెప్పు, లైసెన్సు నీదగ్గరుంది.

మేనకోడలు: ఊరుకుంటుంది. కొత్త ప్రైవేటు రన్‌వే వేసేటప్పుడు 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. గగనతలానికి అడ్డమేమైనా ఉందా అని మాత్రం చూస్తారు. ఫ్లోరిడా రవాణా శాఖ దగ్గర నమోదు చేయించాలి. మ్యాపు మీద వృత్తంలో ఒక ‘ఆర్’ అక్షరం వేస్తారు. అంతకుమించి రక్షణేమీ లేదు.

మామయ్య: రన్‌వే ఎదురుగా ఎవరైనా సెల్ టవర్ కడితే?

మేనకోడలు: ప్రజలు వాడే విమానాశ్రయం చుట్టూ అయితే అంత ఎత్తు కట్టేముందు నోటీసు ఇవ్వాలి. ప్రైవేటు రన్‌వేకి ఆ రక్షణ వర్తించదు.

మామయ్య: పైన్ చెట్లు ఎవరివి?

మేనకోడలు: పక్క భూమివాళ్లవి.

మామయ్య: ఏడాదికి రెండడుగులు పెరుగుతాయి. కొట్టమంటే వాళ్లు కొట్టక్కర్లేదు.

(ఆమె కాగితం తెచ్చుకుని ప్రశ్నలు రాసుకోవడం మొదలుపెట్టింది. ఓడిపోయి కాదు. కొనేవాళ్లు అడగాల్సింది అదే కనక.)

మేనకోడలు: ఇవన్నీ సరిగ్గా ఉన్న కాలనీ దొరికితే? రన్‌వే అందరి పేరు మీదా, మూయాలంటే అందరి ఒప్పుదలా, చెట్ల మీద రాతపూర్వక హక్కూ ఉంటే? అప్పుడైనా ఒప్పుకుంటారా?

మామయ్య: అప్పుడు ఇంకొక్కటి. నీకిప్పుడు నలభై. నా వయసుకి వచ్చేసరికి కంటిచూపో గుండో పైలట్ల మెడికల్ పరీక్షకి ఒప్పుకోదు. ఆ రోజున విమానం కోసం కట్టిన ఇంట్లో విమానం లేకుండా ఉండాలి. అమ్ముదామంటే అలాంటి ఇల్లు కావాలనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టాలి. బ్యాంకువాళ్లకు ధర కట్టడమే కష్టం, పోల్చడానికి చుట్టూ అలాంటి ఇళ్లుండవు.

మేనకోడలు: దానికి నా దగ్గర జవాబుంది మామయ్యా. మీకు ఈత ఇష్టం. ఎప్పుడో కాళ్లు పట్టేస్తాయని కృష్ణలో ఈదడం మానేశారా? ఇరవై ఏళ్లు పొద్దున్నే ఎగిరి, ఆ తరవాత ఆ ఇల్లు నష్టానికి అమ్మినా నాకు బాధ లేదు. పై నుంచి చూస్తే హాలిఫాక్స్ నది సముద్రం పక్కనే ఎలా సాగుతుందో, తెల్లారగట్ల పొగమంచు చిత్తడి నేలల మీద ఎలా పరుచుకుంటుందో పిల్లలకు చూపించాలి. ఆదివారం సీడర్ కీకి వెళ్లి చేపల కూర తిని మధ్యాహ్నానికి తిరిగి రావాలి. కారులో రెండున్నర గంటలకు పైనే, గాల్లో గంటలోపే. నేను అడుగుతున్నది ఆస్తి కాదు.

మామయ్య: అది నేనెప్పుడూ కాదనలేదు. బేగంపేట టవరు అద్దాల వెనక నుంచి శిక్షణ విమానాలు లేస్తుంటే రోజూ చూసేవాణ్ణి. నాకు ఎగరడం కుదరలేదు. నువ్వు ఎగురుతున్నావు. నాకు అంతకంటే సంతోషం ఏముంది? అందుకే ఈ ఇల్లు వద్దంటున్నాను. ఎగరడం వద్దనడం లేదు. 2,600 అడుగుల గడ్డి, తూర్పున వేరేవాళ్ల చెట్లు, కంపెనీ పేరు మీద భూమి. మూడింట్లో ఒక్కటైనా మారాలి. మారకపోతే స్ప్రూస్ క్రీక్‌లాంటి చోట, గట్టి రన్‌వే, రాతకోతలు సరిగ్గా ఉన్న చోట చిన్న ఇల్లు చూడు. వంటింట్లోకి వెలుతురు తక్కువైనా ఫరవాలేదు.

బయానా ఇవ్వలేదు. లాయరుకు ప్రశ్నల కాగితం పంపారు. కాలనీవాళ్లు రన్‌వే భూమిని తమ పేరు మీదికి మార్చుకుంటే మళ్లీ చూస్తానని ఆమె అంది. నాకు ఆమె నిర్ణయం సరైనదే అనిపించింది.

అమెరికాలో ఇలాంటి ఇల్లు చూస్తున్న మన వాళ్లకు నా విన్నపం ఒకటే. జూలై మధ్యాహ్నం, సముద్రపు గాలి లేచాక, ఒక ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, విమానాన్ని పూర్తి బరువుకు నింపి, ఆ రన్‌వే మీద మీరే ఒకసారి లేచి దిగి చూడండి. మర్నాడు కౌంటీ కార్యాలయానికి వెళ్లి ఆ రన్‌వే భూమి ఎవరి పేరు మీద ఉందో, దాని మీద తాకట్టు ఏదైనా ఉందో చూడండి. ఈ రెండూ అయ్యేదాకా ఎవరికీ బయానా ఇవ్వకండి.